దొడ్డి గుడి నేల

శనివారం పొద్దున్నే మా ఇంటి ముందర పచ్చి ఆవు పెండ వాసన లేస్తుంది. వికారాబాదులో మా కొడుకు కట్టుకున్న ఇల్లు ఇది, లోపలంతా తెల్ల టైల్సు, వంగి చూస్తే మన ముఖం మనకే కనిపిస్తుంది, వాటి జోలికి నేను పోను. కాని గడప దాటితే వాకిట్లో ఒక నాపరాయి పరిచి ఉంది, నిలువు మూడడుగులు, అడ్డం రెండడుగులు, నీలమూ బూడిదా కలిసిన రంగు, కుడి పక్క మూల విరిగిపోయింది. దాన్ని మాత్రం శనివారం శనివారం నేనే, నడుము ఒప్పుకున్నంత మటుకు వంగి, పెండ నీళ్లతో అలికి, తడి ఆరకముందే నాలుగు చుక్కల ముగ్గు పెడతాను. "బండకెవరన్న పెండ పూస్తరా అత్తమ్మా, మట్టికి గదా పూసేది," అని మా కోడలు నవ్వుతుంది. ఆ పిల్ల మాటలో తప్పేమీ లేదు. బండ పెండను తాగదు, పైపైనే ఎండి పొరలు పొరలుగా లేస్తుంది. ఆ సంగతి నాకు తొమ్మిదేండ్లప్పుడే తెలిసింది. తెలిసే చేస్తున్నాను.

మొన్న ఒక చదువుకున్నాయన వచ్చాడు. ఈ చుట్టుపక్కల ఊర్ల చరిత్ర పుస్తకంగా వేస్తారట, పెద్దవాళ్లను అడిగి రాసుకుంటున్నాడు, మర్యాదస్తుడు, నీళ్లిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. మీ పుట్టిన ఊర్లో కోట ఉందా అని అడిగితే లేదన్నాను. శాసనాలున్న రాయి ఉందా అంటే లేదన్నాను. రాజులెవరన్నా విడిది చేశారా అంటే, మా ఊర్లో విడిది చేసినవి గొర్ల మందలే నాయనా అన్నాను. ఆయన నవ్వి, నోటుబుక్కు మూసి, "అయితే రాసుకునేటంత చరిత్ర ఏం లేదన్నట్టేనమ్మా," అని లేచాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన బూట్లతో నిలబడ్డది ఆ మూల విరిగిన బండ మీదనే. నాకు కోపం రాలేదంటే దేవుని ముందర అబద్ధమాడినట్టు.

యాలాలకూ కోట్‌పల్లికీ నడుమ, కాగ్నా నదిలో కలిసే ఒక వాగు ఒడ్డున ఉండేది మా ఊరు. పోలీస్ యాక్షన్ అయిపోయిన తర్వాతి ఏండ్లలో నాకు బుద్ధి తెలిసింది. పెద్దవాళ్ల నోట్లో మాత్రం నిజాం కాలం ఇంకా పోలేదు, చేనుకు పోవాలన్నా జొన్నలు కొలవాలన్నా ఆ కాలపు మాటలే. రోహిణి ఎండలకు నల్లరేగడి నేల నోరు తెరిస్తే ఆ పగుళ్లలో మా కాళ్లు మడమల దాకా దిగేవి, మృగశిర తొలివానకు అదే నేల గుప్పున వాసన కొట్టి, పొద్దు గూకేలోపు కాలు పెడితే చెప్పంత మట్టి పట్టుకొని మమ్మల్ని అడుగడుగుకూ బరువు చేసేది. దసరా పోయినాక కంది చేలు పచ్చగా పూసి, తేనెటీగల రొదతో చేనంతా ఎవరో కూనిరాగం తీస్తున్నట్టే ఉండేది. చలి ముదిరేసరికి ఆ పూతంతా కాయయ్యేది, కుండలో ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలను ఒళ్లో పోసుకొని, గోటితో చీల్చుకుంటూ, తొక్కలు కుప్పలు పోసుకుంటూ గచ్చకాయలాడుకునేవాళ్లం, గెలిచినవాళ్లకు ఓడినవాళ్ల ఒళ్లోని కాయలు. పొద్దున జొన్నరొట్టె మీద పుంటికూర తొక్కు, రాత్రికి అదే రొట్టె పచ్చిపులుసులో. ఇంతకంటే మంచి తిండి ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడం మంచిదైంది. ఆ రొట్టెకు ఈనాటికీ స్తోత్రం చెప్పుకునే తింటాను.

మా వాడలో ముప్పై గడపలు. అన్నీ పట్టేదారుల చేలలో కూలి చేసే కుటుంబాలే, తాతల కాలంలోనే ప్రభువును నమ్ముకున్నవాళ్లం. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, పేరు రూతమ్మ. చిన్నప్పుడు ఒక బైబిలమ్మ ఊరూరు తిరుగుతూ వచ్చి నాలుగు నెలలు వాడలో ఉండిపోతే, ఆమె దగ్గర అక్షరాలు నేర్చింది. బడి ఆరు మైళ్ల అవతల, ఆడపిల్లను పంపేవాళ్లు లేరు, పంపినా కూర్చోబెట్టేవాళ్లు ఉన్నారో లేదో తెలియదు. అందుకని అవ్వే నాకు పంతులమ్మ. పలకా బలపం లేవు. మా నాయిన దానయ్య తాండూరు బండల గనిలో పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. ఒకసారి మూల విరిగి పనికిరాదని పక్కన పడేసిన బండను అడిగి, బండ్లో వేసుకొచ్చి, మా గుడిసె గడప ముందర పరిచాడు. అదే నా పలక. అవ్వ చెంబులో వేలు ముంచి బండ మీద రాసేది. తడి అక్షరం నల్లగా లేచేది, నేను దాని మీద వేలు తిప్పేలోపు ఎండకు అంచుల నుంచి పలచబడి మాయమయ్యేది. "అది ఎండేలోపు నీ లోపలికి పోవాలె," అనేది అవ్వ. ఎండాకాలంలో నా చదువు తొందర తొందరగా సాగేది, వానాకాలంలో మెల్లగా. నేను ఏ బడి గడపా తొక్కలేదు, కాని నీళ్లతో రాసిన అక్షరం ఒక్కటి కూడా మర్చిపోలేదు.

ఆదివారం ప్రార్థనకు మాకు చోటు లేదు. మా గుడిసె ముందరే అందరూ కూర్చునేవాళ్లు, వానొస్తే గోనెసంచులు నెత్తిన కప్పుకొని నిలబడేవాళ్లు. ఒక శ్రావణ మాసం ముసురులో అట్లా నిలబడి పాడుతుంటే, కురుమ బీరప్ప తాత గొర్లను తోలుకొని పోతూ ఆగాడు. గట్టి మనిషి, నల్ల గొంగడి నెత్తిన కొప్పెర వేసుకుంటే ముక్కు మాత్రమే కనిపించేది. మందతో కర్ణాటకం వైపు పోయి వచ్చేవాడు కాబట్టి గొర్లతో కన్నడంలో, మనుషులతో తెలుగులో మాట్లాడేవాడు, కోపమొస్తే ఇద్దరితోనూ కన్నడమే. మా పాట అయిపోయేదాకా చూసి, మా నాయినను పిలిచి, "ఏందిరా దానయ్యా, నా గొర్లు గూడ గింత తడువయి గదరా," అన్నాడు. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. తాతకు గుట్ట కింద కొత్త గొర్ల దొడ్డి అమరింది, వాడ పక్కన పాత దొడ్డి ఖాళీగా ఉంది, చుట్టూ ఛాతీ ఎత్తు రాతి గోడ. అది తీసుకొమ్మన్నాడు.

ఊరికే కాదు. దివిలె పండుగకు, అంటే దీపావళికి, కురుమలు దొడ్డిలో దీపం పెట్టి గొర్లకు మొక్కుతారు. తాత తండ్రి, ఆయన తండ్రి పెట్టిన దీపం అది. "మంద పోయింది గానీ దీపం పోవద్దు. ఏడాదికొక్కసారి, మీ పండుగనాడే అయినా సరే, మొదటి దీపం మా ఇంటోల్లు పెడ్తరు. గదొక్కటే నేనడిగేది," అన్నాడు. మా నాయిన అవ్వ వైపు చూశాడు, అవ్వ తలూపింది. కాగితం లేదు, సాక్షులు ఆ గొర్లే. తాతను ఆయన కులంవాళ్లు మందలించారని, మా వాడకు దొడ్డి ఇవ్వడమేందని అడిగారని తర్వాత తెలిసింది. అప్పటి రోజులవి; తాత మా వాకిట్లోకి వచ్చేవాడు గానీ మా ఇంటి నీళ్లు తాగేవాడు కాదు. అది దాచి చెప్తే ఆయనను పెద్ద చేసినట్టు కాదు.

ఆ ఏడు వాన వెలిసినప్పటి నుంచి పుష్యమాసపు చలి దాకా వాడంతా ఒకటే పని. రాతి గోడ మీద మట్టి గోడ లేపారు. ఆడవాళ్లు వాగు నుంచి నీళ్లు తెస్తే మగవాళ్లు మట్టి తొక్కారు, మట్టిలో పోసిన ఊక మా పిల్లల కాళ్లకు గుచ్చుకునేది, అయినా దిగొద్దంటే ఏడ్చేవాళ్లం. పైన వాసాలు, జొన్న సొప్ప, ఆ మీద బోద గడ్డి. నేల మాత్రం బండలదే కావాలని నాయిన పట్టు పట్టాడు. "ఊర్లున్న ఇండ్లకన్నిటికి మేం దీసిన బండలే గదా. మన దేవునికి మట్టి ఎందుకు," అన్నాడు. గని కాడ మూలలు విరిగినవి, పగుళ్లు పోయినవి, ఎవరూ కొనని తునకలు అడిగి తెచ్చారు. ఇంటికి రెండు బండలు అన్నారు. చివరికి వాకిలి కాడ ఒక్క బండ తక్కువైంది.

ఆ మధ్యాహ్నం నేను మా గడప ముందర నీళ్లతో రాసుకుంటున్నాను. అవ్వ గడ్డపారతో వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. నేను బండ మీద పడుకొని లేవలేదు. అవ్వ తిట్టలేదు, కొట్టలేదు. నా పక్కనే పడుకొని, ఆకాశం చూస్తూ, "నువ్వు నేర్సుకున్నవి నీ లోపట ఉన్నయి బిడ్డా, బండ మీద ఒక్కటి లేదు, సూడు," అంది. చూశాను. నిజమే, అప్పటికే ఎండిపోయాయి.

ఆ ఏడు క్రిస్మస్ పండుగ ఆదివారం పడ్డది. అదే రోజు గుడి తెరవాలని పట్నం నుంచి పాదిరి అయ్యగారిని రమ్మన్నారు. శనివారం సాయంత్రం వాడ ఆడవాళ్లంతా కొంగులు దోపుకొని గుడికి పోయారు. పండుగంటే ఏం చేస్తారు మా వాళ్లు? పుట్టినప్పటి నుంచి మట్టి నేల మీద నడిచినవాళ్లు, పండుగ ముందరి రోజు చేయాల్సింది చేశారు. నాలుగు గంపల పచ్చి పెండ కలిపి, కొత్త బండల నేలంతా మూల మూలా అలికారు, దాని మీద గోడ నుంచి గోడ దాకా ముగ్గులు, నడిమిట్ల పెద్ద చుక్క. మూడు నెలలు మెడలు విరిగేటట్టు మోసి పరిచిన నీలి బండ ఒక్కటి కూడా కనిపించలేదు. నాయిన వచ్చి చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. వాళ్ల ముఖాల్లో అంత సంతోషం ఉంటే ఏమంటాడు?

తెల్లవారినాక అయ్యగారి బండి వచ్చింది. మంచివాడే, దూరం నుంచి చలిలో వచ్చాడు, నల్ల కోటు, కాళ్లకు లేసుల బూట్లు. వాకిట్లో దండ వేశారు. లోపలికి నాలుగడుగులు వేశాడో లేదో, రాత్రి చలికి ఆరని పెండ మీద బూటు జారి, ధబ్బున కూర్చుండిపోయాడు. కోటు వెనుక పచ్చగా అయింది. మొదలు నవ్వింది నేనే. ఆ పాపం నాది, ఒప్పుకుంటున్నాను.

ఆయన లేచి నేల చూశాడు, ముగ్గు చూశాడు. "ఇది దేవుని మందిరమా, గొర్రెల దొడ్డా?" అన్నాడు. అంతలో వాకిలి కాడ గొంగడి భుజాన వేసుకొని, చేతిలో ప్రమిదతో బీరప్ప తాత కనిపించాడు. ఆయనెవరని అడిగితే నాయిన చేతులు కట్టుకొని దీపం మాట చెప్పాడు. అయ్యగారి ముఖం ఇంకా బిగుసుకుంది. ముందు ఈ నేల కడగాలి, ముగ్గు తుడవాలి, ఆ పెద్దమనిషి బయట కూర్చోవాలి, దీపం మనవాళ్లే పెట్టాలి, లేకపోతే వచ్చిన బండిలోనే తిరిగిపోతానన్నాడు.

ఆయన పోతే మా పెండ్లిండ్లకు, మా చావులకు, పసిపిల్లల బాప్తిస్మానికి వచ్చేదెవరు? మగవాళ్లు గుసగుసలాడారు, సరే అనేద్దామన్నవాళ్లే ఎక్కువ. ఇచ్చిన మాట నిలుస్తుందా, పోతుందా? బీరప్ప తాతే ముందుగా, "నా ఫికర్ జెయ్యకుండ్రి. దీపం ఆడ వెట్టిపోత, మీరే ముట్టిచ్చుకోండ్రి," అని ప్రమిద కింద పెట్టబోయాడు.

అప్పుడు మా అవ్వ కొంగు నెత్తిన కప్పుకొని ముందరికి వచ్చింది. మగవాళ్ల నడుమ ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు.

"అయ్యగారూ, దేవుడు పుట్టింది దొడ్డిలనే గదా. మొదలు సూడొచ్చింది గొర్లు గాసెటోల్లే గదా. తాతను బయట కూసోవెడితే, గా దినం వాళ్లను గూడ బయట కూసోవెట్టినట్టే."

అవ్వ ఆగలేదు.

"పెండ సంగతంటరా, బండ మాకు కొత్త, తెల్వక పూసినం. తప్పే. గానీ వట్టి కాళ్లతోటి వాడంత తిరిగినం, ఒక్కరం జారలే. జర మీ బూట్లు ఇడిసి రండ్రి."

అయ్యగారు బయటికి పోయి బండిలో కూర్చున్నాడు. ఎడ్లను కట్టమని మాత్రం చెప్పలేదు. మా నాయిన అటు పోవాలా ఇటు రావాలా తెలియక గడప కాడనే నిలబడ్డాడు. అవ్వ తాత చేతిలో అగ్గిపెట్టె పెట్టింది. చలిగాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి, మూడోది అంటుకుంది; పట్టపగలు, ఆ సొప్ప కప్పు కింద, ఆ దీపం ఎంతని, అయినా అందరం దాన్నే చూశాం. అప్పుడు అవ్వ నన్ను పిలిచి, గుడ్డలో చుట్టి తెచ్చిన గ్రంథం తీసి, ప్రభువు పుట్టుకను గురించీ, పొలంలో మందను కాసుకుంటున్న గొల్లలను గురించీ ఉన్న చోటు వేలు పెట్టి చూపింది. చదవమంది. పదిమంది ముందర నేను చదవడం అదే మొదలు. అక్షరాలు ఎండిపోతాయేమోనన్నట్టు తొందర తొందరగా మొదలుపెట్టాను, అవ్వ నా వీపు మీద చెయ్యి వేస్తే నిదానించాను. బీరప్ప తాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, తన ఇంటి ముచ్చట ఎవరో చెప్తుంటే విన్నట్టు విన్నాడు.

చదువుతూ మధ్యలో తలెత్తితే, వాకిలి కాడి బండ మీద, నా బండ మీద, అయ్యగారు వంగి బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. ముడి పడ్డట్టుంది, చాలాసేపు పట్టింది. నాయిన విప్పబోతే వద్దని చేత్తో ఆపాడు. తెల్లటి మెత్తటి పాదాలతో, ఒక్కో అడుగూ చూసుకుంటూ లోపలికి వచ్చి, తాత పక్కన నిలబడి ప్రార్థన చేశాడు. తప్పైందని ఆయన అనలేదు, అనమని మేమూ అడగలేదు. పోయేటప్పుడు కాళ్లు కడుక్కోవడానికి అవ్వను నీళ్లడిగాడు, అంతే.

ఆ మధ్యాహ్నం గారెలూ బెల్లపు పాయసమూ వడ్డించారు. బీరప్ప తాత కూడా ఆకు ముందర కూర్చున్నాడు. ఎవరో ఆయన చెవిలో, మీవాళ్లు ఊరుకుంటరా అన్నారు. "నా దొడ్డిల నేను తింటె ఎవన్ని అడగాలెరా," అని పాయసం మళ్లీ పెట్టించుకున్నాడు. రెండు నెలలు ఆయన వాళ్లు ఆయనతో మాట్లాడలేదట. గొర్లు మాట్లాడుతున్నయి గదా అని నవ్వేవాడు.

వారం తిరిగేసరికి నేల మీది పెండంతా ఎండి, పెచ్చులు లేచి, మోకాళ్లూనితే దుమ్ము రేగేది. ఆడవాళ్లు తమ పనికి తామే నవ్వుకొని కడిగేశారు. కాని అవ్వ, వాకిలి కాడి ఒక్క బండకు మాత్రం శనివారం శనివారం అలుకు తప్పొద్దంది. లోపలికి వచ్చేవాళ్లెవరైనా సరే, అక్కడ చెప్పులు విడవాలని గుర్తుండేందుకు. ఊరివాళ్లు వెక్కిరింపుగా దొడ్డి గుడోల్లు అని పేరు పెట్టారు. మేము ఆ పేరే పెట్టుకున్నాం. నా పెండ్లినాడు కూడా ఆ బండ మీద కాలు పెట్టే లోపలికి పోయాను, ఆ బండ మీద నుంచే వికారాబాదు బండి ఎక్కాను. బీరప్ప తాత పోయినాక ఆయన కొడుకు, ఆయన తర్వాత మనుమడు, ఏడాదికొక్కసారి దీపం తెచ్చారు.

ఇప్పుడు దొడ్డి లేదు. అక్కడ స్తంభాల మందిరం లేచింది, మైకులున్నాయి, కుర్చీలున్నాయి, ముసలి మోకాళ్లకు సుఖంగానే ఉంది, దానికీ స్తోత్రమే. బోర్డు మీద దొడ్డి పేరు లేదు. దీపాలు స్విచ్చు వేస్తే వెలుగుతాయి, ప్రమిదతో ఎవరూ రానక్కర లేకపోయింది. మంద లేదు, కురుమ ఇండ్లలో గొంగడి మగ్గం చప్పుడు లేదు, నీళ్లతో అక్షరాలు దిద్దే పిల్లలు లేరు. మా నాయిన మోసిన బండలను వాగు పక్కన కుప్ప పోశారని తెలిసి పోయాను. వాటిలో కుడి మూల విరిగిన నా బండను వెతకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. దాన్ని నాతో పాటు ఎత్తి తన ఆటోలో వేసుకొని వికారాబాదు దాకా తెచ్చింది బీరప్ప తాత మునిమనుమడే. తాండూరు రోడ్డు మీద ఆటో నడుపుకుంటాడు.

ఈ క్రిస్మస్‌కు ఆ అబ్బాయిని ప్రమిదతో రమ్మన్నాను. సంఘ పెద్దలు ఏమంటారో తెలియదు. ఏమన్నా చెప్పడానికి మా అవ్వ మాట నా దగ్గర ఉంది, అది ఎండిపోలేదు.

చరిత్ర రాసే ఆయనకు కూడా ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ రా నాయనా, శనివారం పొద్దున రా, నోటుబుక్కు తెచ్చుకో. నేను వాకిట్లోనే పెండ కలుపుకుంటూ ఉంటాను. కూర్చోబెట్టి అంతా చెప్తాను. ఆ బండ కాడ బూట్లు విడిచి మాత్రం లోపలికి రా.